జేబుల్లో చేతులు

పార రెండోసారి పడేసరికి రాయ్ బకీ ముందద్దం పొడిపొడిగా సీట్ల మీదికి రాలింది. వెనక సరుకులు వేసుకునే ఆ తెల్లబండిని రాయ్ ప్రతి శనివారం పొద్దున్నే తనే కడుక్కుంటాడు. ఇవాళ బకెట్టు పట్టుకుని బయటికొచ్చేసరికి తమ్ముడి పెళ్ళాం పార ఎత్తి నిలబడి ఉంది.

"మ్యాగీ! దింపు! దింపమంటున్నానా!"

"దింపను. నీ బండి కదా బావా, కొడితే అరుస్తుందేమో వింటాను. నా కొడుకు అరవలేదటగా."

మూడో దెబ్బకి లైటు పోయింది.

ఐవన్ సగం గీసుకున్న గడ్డంతో మెట్ల మీదికి వచ్చాడు. ఒక చెంప నిండా సబ్బు నురగ.

"నీ పెళ్ళాన్ని పట్టుకోరా!" అని అరిచాడు రాయ్.

ఐవన్ భార్యను చూశాడు. అన్నను చూశాడు. మెట్టు దిగలేదు. పెళ్ళయినప్పటి నుంచీ మ్యాగీ చూస్తున్నది ఇదే. అన్న మాట్లాడితే ఈయన నేల చూస్తాడు.

రాయ్ బకెట్టు విసిరేసి వచ్చి ఆమె మణికట్టు మెలిపెట్టాడు. పార కింద పడింది. ఆమె మోచెయ్యి పగిలిన అద్దం అంచుకి గీసుకుని రక్తం కారింది. అయినా రెండో చేత్తో అతని చొక్కా వదల్లేదు. అప్పుడు రాయ్ లెంపకాయ కొట్టాడు. వీధి చివరిదాకా వినిపించేలా కొట్టాడు.

"ఒరే సచ్చినోడా! ఆడదాని మీద చెయ్యేస్తావా?" వంటింట్లోంచి తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది ఐరీన్, అతని తల్లి.

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళు."

"లోపలికెళ్ళీ లోపలికెళ్ళీ ఈ కొంప ఇలా తగలడింది. నేను పోనురా."

అప్పటికే, డర్బన్‌కి గంట దూరంలో ఉన్న నార్త్‌డేల్‌లో, ఆ రోడ్డు ఆడవాళ్ళంతా గేట్ల దగ్గరికి వచ్చేశారు. బట్టలారేసే వాళ్ళు క్లిప్పులు చేతిలోనే పట్టుకుని చూస్తున్నారు. మ్యాగీ పెదవి మీది రక్తం తుడుచుకుని వాళ్ళ వైపు తిరిగింది.

"చూడండి, బాగా చూడండి. నిన్న సాయంత్రం మా బావ పంపిన గస్తీలో మీ మగాళ్ళు దొంగని పట్టుకున్నారట కదా. గొడ్డలి కామలతో చావబాదారట కదా. ఆ దొంగ నా కొడుకు. నా క్రిష్. పదమూడేళ్ళ పిల్లాడు."

ఎదురింటి పెగ్గీ పక్కామెతో అన్నది ఈ గేటు దాకా వినిపించింది.

"మ్యాగీకి కొడుకున్నాడా?"

రాయ్ కొట్టిన దెబ్బకి తిరగని తల మ్యాగీకి ఆ మాటకి తిరిగింది.

*

వంటింట్లో ఐరీన్ మ్యాగీ మోచేతికి గుడ్డ కడుతోంది. పక్కగదిలో, బీరువాకీ గోడకీ మధ్య సందులో, క్రిష్ కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతికి పిండికట్టు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నోరు మూసుకుని, గొంతులో ఒకటే స్వరం, ఫ్రిజ్జు చేసే చప్పుడులా, ఆపకుండా సాగదీస్తున్నాడు. ఆస్పత్రి నుంచి తెచ్చినప్పటి నుంచీ అదే.

వాడికి ఉన్నదానికి ఒక పేరుంది. ఆటిజం అని డర్బన్‌లో డాక్టరు చెప్పాడు. మందు లేదన్నాడు, రోగం కూడా కాదన్నాడు. వాడు లోకాన్ని చూసే తీరే వేరన్నాడు. వాడిని నలుగురిలో పెంచండి, నలుగురికీ వాడిని అలవాటు చెయ్యండి అన్నాడు. ఇంటికొచ్చాక రాయ్ ఒకటే మాటన్నాడు. "ఈ సంగతి ఈ గోడలు దాటకూడదు." ఏడాదికో ఆదివారం చర్చికి తప్ప దాటలేదు.

ఇన్నాళ్ళ తరువాత, వాడిని తన తరగతిలో కూర్చోబెట్టుకుంటానని లొరెయిన్ టీచరు ఒప్పుకుంది. సోమవారం బడి తెరుస్తారు. కొత్త దారంటే క్రిష్‌కి ప్రాణం మీదికొస్తుంది. అందుకని మ్యాగీ రోజూ సాయంత్రం కుట్టుపని నుంచి రాగానే వాడిని బడి గేటు దాకా నడిపించి తీసుకొచ్చేది. ఎవరైనా అడిగితే చుట్టాల పిల్లాడనేది. నిన్న ఆమెకి పని వదలడం ఆలస్యమైంది. క్రిష్‌కి నడిచే వేళ అయింది. అమ్మ రాలేదు. వాడు ఒక్కడే వెళ్ళాడు. అంతే జరిగింది.

"పోలీసు కేసు గీసు అన్నావంటే ఊరుకోను," అన్నాడు రాయ్ గుమ్మంలో నిలబడి. "తెల్లవాళ్ళతో పాటు అందరూ వేసే మొదటి ఓట్లు దగ్గరికొస్తున్నాయి. కొండల మీద నుంచి తుపాకులు మోగని రోజుందా? జనం కొవ్వొత్తులూ చేపల డబ్బాలూ కొని దాచుకుంటున్నారు. మేం గస్తీ తిరగకపోతే ఈ రోడ్డు మీద ఒక్క ఇల్లు మిగలదు. ఆ మగాళ్ళని జైల్లో పెట్టిస్తావా?"

"జైలు సంగతి నేనెత్తలేదు. సోమవారం వాడు బడికెళ్తాడు. అది చెప్పు."

"వెళ్ళడు."

"ఎవరన్నారు?"

"నేనంటున్నాను. బడి కమిటీలో ఉన్నది నేనే కదా. ఇంత గొడవయ్యాక ఏ తల్లి తన పిల్లల పక్కన వాడిని కూర్చోనిస్తుంది? వాడిని లోపలుంచి తాళం వెయ్యి. లేదంటే అలాంటి వాళ్ళ కోసం ఆస్పత్రులున్నాయి, పంపించు."

"వాడేం చేశాడని గొడవ? కొట్టింది మీరు, గొడవ చేసింది వాడా?"

"మ్యాగీ, మాటకి మాట చెప్పకు."

"ఏవండీ," ఆమె భర్త వైపు తిరిగింది. "మీరు ఒక్కమాట చెప్పండి."

ఐవన్ టీ కప్పులోకి చూస్తున్నాడు. చెంప మీద సబ్బు ఎండిపోయి తెల్లగా పొలుసులు కట్టింది.

"చెప్పు నాయనా," అంది ఐరీన్. "నువ్వు కన్నవాడే కదా."

ఐవన్ కప్పు బల్ల మీద పెట్టాడు. ఏదో అనబోయాడు. రాయ్ దగ్గాడు. ఐవన్ మళ్ళీ కప్పు తీసుకున్నాడు.

*

మధ్యాహ్నం భోజనాలవేళకి గ్రెగ్ వచ్చాడు. చర్చిలో వాకిలి దగ్గర నిలబడి అందరినీ కూర్చోబెట్టేది అతనే. చేతిలో ద్రాక్షపళ్ళ సంచి ఉంది. మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"మ్యాగీ అక్కా, లోపలికి రావచ్చా?"

"నువ్వు కొట్టావా?"

అతను సంచి కింద పెట్టాడు. "మొదటి దెబ్బ నాదే అక్కా."

ఐరీన్ "ఒలమ్మో" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

"మా క్రిష్‌ని నువ్వు ఎరగవా గ్రెగ్? ప్రత్యేక బిడ్డల ఆదివారం అని ప్రతి ఏడూ పెడతారు కదా. ప్రతి ఏడూ వాడి తెల్లచొక్కాకి పువ్వు గుచ్చింది నువ్వు కాదూ? స్టేజి మీద ఫొటో తీయించుకుంది నువ్వు కాదూ?"

"ఆ చొక్కా లేదు కదా అక్కా..." అనేసి, తను ఏమన్నాడో తన చెవులతోనే విని, గ్రెగ్ అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "దేవుడి తోడు, గుర్తుపట్టలేదు. పాస్టరు గారు కూడా ఏడ్చారు. రేపే చర్చిలో ప్రార్థన పెడతానన్నారు. వాడిని స్టేజి మీదికి తీసుకురమ్మన్నారు, సంఘమంతా లేచి నిలబడి..."

"స్టేజి వద్దు. మీకు వాడు ఏడాదికో ఆదివారం దేవుడి బిడ్డ. నిన్న శుక్రవారం దొంగ. మధ్యలో ఇన్ని రోజులున్నాయే, ఆ రోజుల్లో వాడెవడు గ్రెగ్?"

గ్రెగ్ ముక్కు తుడుచుకుని మెల్లగా అడిగాడు.

"ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదక్కా. మేం చుట్టూ నిలబడ్డాం. చేతులు చూపించమని చెప్పాం, బతిమాలాం కూడా. వాడు రెండు చేతులూ జేబుల్లోకి తోసేశాడు. మేం అరిచేకొద్దీ ఇంకా లోపలికి తోశాడు. తుపాకీ ఉందనుకున్నాం. మొన్న మూలమీది దుకాణాయన్ని దొంగలు జేబులోంచి తుపాకీ తీసే కదా చంపారు. చెయ్యి విరిగినా జేబులోంచి తియ్యలేదు. ఎందుకక్కా? ఎందుకు తియ్యలేదు?"



ఐరీన్ కోడలి వైపు చూసింది. కోడలు గోడ వైపు చూసింది.

"చెప్పవే," అంది ఐరీన్. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఐరీనే చెప్పింది.

"వాడికి సంతోషమొచ్చినా భయమొచ్చినా చేతులు రెండూ గాల్లో విదిలిస్తాడు బాబూ. పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టు. జనం చూసి నవ్వుతారని మేం మానిపించాం. చుట్టూ మనుషులుంటే చేతులు జేబులో పెట్టుకోవాలని నేర్పాం."

ఎలా నేర్పారో ఆమె చెప్పలేదు. మ్యాగీకి తెలుసు. లోతుగా జేబులు కుట్టింది మ్యాగీయే. చెక్క గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడింది మ్యాగీయే. వాకిట్లో ఎవరి అడుగు చప్పుడైనా సరే, చేతులు లోపలికి పోవాలి. పోకపోతే వేళ్ళ కణుపుల మీద గరిటె. రాయ్ గుమ్మంలో నిలబడి "ఇంకొకటి" అనేవాడు. ఆమె ఇంకొకటి వేసేది. వేసి, రాత్రి వాడి వేళ్ళకి వెన్న రాసి, ఏసుప్రభువు ముందు మోకాళ్ళ మీద కూర్చునేది. మొదటిసారి చర్చి స్టేజి మీద వాడు చేతులు జేబుల్లో పెట్టుకుని కదలకుండా నిలబడినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. దేవుడు నా మొర విన్నాడని ఆమె ఏడ్చింది. అంత బాగా నేర్పింది.

విన్నది దేవుడేనా?

"అక్కా..." అన్నాడు గ్రెగ్.

ఆమె కుట్టుపెట్టెలో కత్తెర తీసుకుని కొడుకు గదిలోకి వెళ్ళింది.

*

"నాన్నా, క్రిష్, ఇవి ఇంక వద్దురా. అమ్మ తీసేస్తుంది."

వాడు సందులోంచి కదల్లేదు. ఆమె వంగి కుడి జేబు బయటికి లాగి కత్తెర పెట్టింది. గుడ్డ పర్రున చిరిగింది.

అప్పుడు అరిచాడు. గొడ్డలి కామ కింద అరవనివాడు అప్పుడు అరిచాడు. తల వెనక్కి విసిరి గోడకి కొట్టుకున్నాడు, మళ్ళీ, మళ్ళీ. ఆమె మధ్యలో చెయ్యి పెడితే ఆ చెయ్యి కొరికాడు. పళ్ళు దిగి రక్తం వచ్చింది. కత్తెర మంచం కిందికి జారింది. ఐరీన్ వచ్చి తలకీ గోడకీ మధ్య దిండు పెట్టి, ఆ దిండుతో సహా వాడిని పట్టుకుంది.

"వదిలెయ్యవే! వాడికున్న చోటల్లా అదొక్కటే! దాన్నీ పీకేస్తావా?"

"నేనే కదత్తా పెట్టింది. నేనే తీసెయ్యాలి కదా."

"నువ్వు పెట్టావని, నీకు ఏడుపొచ్చినప్పుడల్లా తీస్తావా? నీ మనసు కడుక్కోడానికి వాడి ఒళ్ళే దొరికిందా?"

మ్యాగీ నేల మీద కూర్చుండిపోయింది. చేతి మీద కొడుకు పళ్ళ గుర్తులు ఎర్రగా నిండుతున్నాయి. చిరిగిన జేబు కుడదామంటే వాడు లాగు విప్పనివ్వలేదు. వేరే లాగు చూపిస్తే తన్నాడు. చాలాసేపటికి ఆ ఫ్రిజ్జు స్వరం మళ్ళీ మొదలైంది. ఆ స్వరం వింటూ ఆమె ఆలోచించింది. వాడిని మార్చడానికి ఇంట్లో అందరూ చేతులెత్తారు, తనతో సహా. ఈ రోడ్డుని మార్చడానికి ఒక్కరు కూడా నోరెత్తలేదు, తనతో సహా.

"వాడికి ఏది నచ్చదత్తా, మనుషులు చుట్టూ ఉంటేనా?"

"చుట్టూ ఉంటే కాదే. చుట్టూ నిలబడితే. నేను కింద కూర్చుంటే నా పక్కకి వస్తాడు. చూళ్ళేదా నువ్వు?"

చూడలేదు. ఆమె ఎప్పుడూ నిలబడే ఉంది, గరిటె పట్టుకుని.

*

ఎండ చల్లబడుతుంటే గస్తీ మగాళ్ళు రాయ్ ఇంటి ముందు చేరారు. ప్రతి శనివారం ఆ వేళకే ఎవరెవరు ఎటు తిరగాలో రాయ్ చెప్తాడు. అందరి చేతుల్లో కామలున్నాయి. పగిలిన బకీని చూసి ఎవరో నవ్వారు.

"రాయ్, నీ బండికి కూడా దొంగలొచ్చారా?"

"నోర్ముయ్."

వీధి తలుపు తెరుచుకుంది. మ్యాగీ వచ్చింది. పక్కన క్రిష్, మెడలోంచి వేలాడే పిండికట్టు చెయ్యి, వాచి నల్లబడిన ముఖం. నవ్వినవాడు నవ్వు ఆపేశాడు.

"ఎక్కడికి?" అన్నాడు రాయ్.

"బడి గేటు దాకా. రోజూ నడిచే దారే."

"లోపలికి తీసుకుపో. నా మాట మర్యాదగా విను."

"పొద్దున విన్నాను కదా నీ మర్యాద. ఇంకా చెంప మండుతోంది."

రాయ్ దారికి అడ్డంగా వచ్చాడు. అతని వెనక మిగతావాళ్ళూ వచ్చారు. కొట్టడానికి కాదు, చూడడానికి. కానీ వచ్చి నిలబడ్డారు. చుట్టూ నిలబడ్డారు.

క్రిష్ గొంతులోని స్వరం పెద్దదైంది. కుడిచెయ్యి జేబు కోసం వెతికింది. అక్కడ జేబు లేదు. మళ్ళీ వెతికింది. పిండికట్టులోని ఎడమచేతిని రెండో జేబులోకి తోయబోయాడు, కట్టు పట్టలేదు, నొప్పికి నోరు తెరిచాడు. చేతులు పెట్టుకునే చోటు దొరక్క, ఆ కుడిచేత్తోనే తన వాచిన ముఖాన్ని తను కొట్టుకోవడం మొదలుపెట్టాడు. దబ్, దబ్, దబ్.

"ఆపవే వాడిని!" అన్నాడొకడు.

"మీరు ఆపండి," అంది మ్యాగీ. "నిన్న చేతులు చూపించమన్నారు. చూపించలేడు. జనం చుట్టూ ఉంటే చేతులు దాచుకోమని గరిటెతో కొట్టి నేర్పింది నేను. ఆ తప్పు నాది. మీరంతా ఎవరో వాడికి తెలియదు, వాడెవడో మీకు తెలియదు. వాడిని దాచిన తప్పూ మాదే. ఇవాళ్టి నుంచి దాచను. రోజూ ఈ దారినే నడుస్తాడు, వానొచ్చినా, సెలవులొచ్చినా. మీకు మంచి చెయ్యాలని ఉంటే ఒకటే చెయ్యండి. కూర్చోండి."

"ఏంటి?"

"కింద కూర్చోండి. రోడ్డు మీద. మీరు నిలబడితే వాడికి భయం."

మగాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. గేట్ల దగ్గర ఆడవాళ్ళు మళ్ళీ చేరారు.

గ్రెగ్ కామ పక్కన పెట్టి కూర్చున్నాడు. ఇస్త్రీ ప్యాంటుతో తారు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అతని పక్కవాడు గొణుక్కుంటూ కూర్చున్నాడు. తరువాత ఇంకొకడు. అందరికంటే లావుపాటాయన "మోకాళ్ళు రా నాయనా" అని మూలుగుతూ కూర్చున్నాడు.

క్రిష్ చెయ్యి మెల్లబడింది. ఆగింది. ఒక్క కన్నుతో కింద ఉన్న తలలన్నిటినీ చూశాడు.

నిలబడింది రాయ్ ఒక్కడే.

"ఈ రోడ్డుకి కాపలా నేను," అన్నాడు. "పిచ్చివాడి కోసం నేల మీద కూర్చోను. సోమవారం వీడు గేటు దాటితే కమిటీ ముందు నేనే చెప్తాను, వీడిని నిలబడనివ్వొద్దని. ఆపైన దార్లో ఏం జరిగినా నన్ను అడగొద్దు."

"అన్నా, కూర్చో."

అది ఎవరి గొంతో మొదట ఎవరికీ తెలియలేదు. మెట్ల మీద ఐవన్ ఉన్నాడు. గడ్డం ఇంకా సగమే. మెట్లు దిగాడు. దిగి, వచ్చి, అన్నకీ కొడుక్కీ మధ్య నిలబడ్డాడు.

"ఏమన్నావురా?"

"కూర్చో అన్నాను. కూర్చోలేకపోతే పక్కకి జరుగు. సోమవారం నేను ఫ్యాక్టరీకి పోను. వాడితో నేను నడుస్తాను. ఏదైనా జరగాలంటే ముందు నాకు జరగాలి."

రాయ్ కామ ఎత్తాడు. బెదిరించడానికే ఎత్తాడేమో. కానీ రోడ్డంతా చూస్తోంది, ఎత్తిన చెయ్యి ఊరికే దించడం ఆ మనిషికి ఎప్పుడూ రాలేదు. దెబ్బ ఐవన్ భుజం మీద పడి చెవి దాకా జారింది. చెవి వెనక నుంచి రక్తం తెల్లబనీను మీదికి దిగింది. ఐవన్ ఊగాడు. పడలేదు. తిరిగి చెయ్యెత్తలేదు.

"ఇప్పుడు జరుగు అన్నా," అన్నాడు.

క్రిష్ ఆ రక్తం వైపు చూడలేదు. అది వాడు నడిచే వేళ. ఎదురుగా తలల మధ్య ఖాళీ కనిపించింది. నడిచాడు. కూర్చున్న మగాళ్ళ మధ్య నుంచి, ఎవరినీ తాకకుండా, బడి దారి పట్టాడు. ఐవన్ చెవి పట్టుకుని కొడుకు వెనకాలే వెళ్ళాడు.

రాయ్ రెండు క్షణాలు అక్కడే ఉన్నాడు. తరువాత కామ గట్టిగా పట్టుకుని వాళ్ళ వెనక బయలుదేరాడు.

"మ్యాగీ అక్కా!" గ్రెగ్ సగం లేచాడు.

ఆ కేకకి దూరంగా క్రిష్ ఆగి, వెనక్కి తిరిగి, సగం లేచిన మనిషిని చూశాడు. గ్రెగ్ చటుక్కున మళ్ళీ కూలబడ్డాడు.

లేస్తే వాడు బెదిరి ఎటు పరిగెడతాడో తెలియదు. కూర్చుంటే రాయ్‌ని ఆపే మనిషి లేడు. రోడ్డు మీద అంతమంది మగాళ్ళు నేల మీద కూర్చుని, లేవమంటుందా వద్దంటుందా అని మ్యాగీ ముఖం చూస్తున్నారు.

మ్యాగీ నోరు తెరిచింది. ఏం చెప్పాలో ఆమెకీ తెలియలేదు. రాయ్ అడుగుల వేగం పెరిగింది.